గుమ్మానికి కట్టిన డబ్బీ: కామాక్షి మేడమ్ స్మృతిలో

కామాక్షి మేడమ్ ఇక లేరన్న వార్త నాకు అల్లూరులో, మా చర్చి ఆవరణలో, ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుండగా అందింది. ఫోన్‌లో ఆమె చెల్లెలు. "రూతమ్మా, అక్క పోయిందమ్మా. అన్నం తిని పండుకున్నది పండుకున్నట్టే..." అని ఫోన్ పక్కవాళ్లకు ఇచ్చేశారు. నేను రెండో చెప్పు కూడా వేసుకున్నాను. ఎదురైనవాళ్లకు వందనాలు చెప్పాను. నెల్లూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె ఇంటి ముందు షామియానా చూసేదాకా నాకు ఏడుపు రాలేదు.

విజ్ఞానాన్నే వ్రతంగా, సత్యాన్నే శ్వాసగా స్వీకరించి, పరుల ప్రాణరక్షణకై అహరహం పరితపించిన ఆ మహనీయురాలి హృదయస్పందన ఏ ముందస్తు సూచనా లేకుండా నిలిచిపోయింది. ఈ వాక్యం చూస్తే మేడమ్ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన "కొలిచి చెప్పు" అని రాసేవారు. పొగడ్తను ఎట్లా కొలుస్తారో నాకు తెలియదు. పూర్వ విద్యార్థుల సంచికకు సంస్మరణ వ్యాసం రాయమన్నారు కాబట్టి, కొలవడానికి వీల్లేని సంగతులు కూడా కొన్ని రాస్తున్నాను. కొట్టేయడానికి ఆమె లేరు.

బుచ్చిరెడ్డిపాలెంలో వరిపొలాలున్న రైతు కుటుంబంలో పుట్టి, ఇంట్లోవాళ్లు వద్దంటున్నా భౌతికశాస్త్రం చదివి, నెల్లూరులో మా కళాశాలలో తరతరాల ఆడపిల్లలకు ఆ శాస్త్రం బోధించారామె. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లను, వాళ్లెందుకు చేసుకున్నారో చెప్పమనేవారు. చెల్లెలి కుటుంబంతోనే ఉన్నారు. పాఠం చెప్పడం ఉద్యోగమైతే, ఇళ్లలో రేడాన్ వాయువును కొలవడం ఆమె జీవితం.

రేడాన్ అంటే ఏమిటో మాకు మొదటిసారి చెప్పిన రోజు బాగా గుర్తుంది. "దానికి రంగు లేదు, వాసన లేదు. క్లాసులో మీరున్నట్టే, ఉన్నా ఉన్నట్టు తెలియదు" అన్నారు. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. నేలలో, రాళ్లలో రవంత యురేనియం ఎక్కడైనా ఉంటుందని, అది క్షీణిస్తూ పోయే క్రమంలో ఈ వాయువు పుడుతుందని చెప్పారు. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది. మూసిన ఇంట్లో పోగవుతుంది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. "దోమ కుడితే తెలుస్తుంది, చేత్తో కొడతారు. ఇది కుట్టిన సంగతి ఎన్నేళ్లకు తెలుస్తుందో" అన్నారు. ఆ రోజు హాస్టల్‌కు పోయి మేమంతా కిటికీలు తెరుచుకుని, దోమలతో కుట్టించుకుని పడుకున్నాం.

సముద్రం పక్కన బతికే మనకు ఈ బెడద ఎందుకని అడిగేవాళ్లకు ఆమె దగ్గర జవాబుండేది. తుఫాను వానలకు నీళ్లు ఇంట్లోకి రాకుండా మన వైపు పునాది నడుమెత్తు లేపుతారు. ఆ ఎత్తు నింపడానికి ఏదో ఒకటి పోయాలి. వెంకటాచలం చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో, పాతకాలపు అభ్రకం గనుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న రాతిచెత్తను ట్రాక్టర్లతో తోలి పోశారు. అడిగేవాళ్లు లేని రాయి, పైగా తళతళా మెరుస్తుంది. లక్ష్మీకళ అని ముచ్చటపడ్డారు. ఆ రాళ్లలో కొన్నిటికి రేడాన్‌ను పుట్టించే గుణం ఉంది. పాత పెంకుటిళ్లయితే సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు స్లాబు ఇళ్లు, ఏసీ గదులు, దోమలకు భయపడి బిగించిన కిటికీలు. నేలలో నెర్రె విచ్చిన చోటల్లా కింది గాలి పైకి వస్తుంది, వచ్చింది పోదు.

దాన్ని కొలవడానికి ఆమె వాడేది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీ. లోపల చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఎక్కువసేపు గడిపే గదిలో, మనిషి తలెత్తులో వేలాడదీసి మూడు నెలలు వదిలేయాలి. తర్వాత ఫిల్మును వెచ్చని కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచితే, వాయువు తాకిన చోటల్లా సన్నని గుంతలు పడతాయి. మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెడతాం. పని ఇంతే. విసుగు పుట్టించే పని. ఆమెకు విసుగు పుట్టగా నేను చూడలేదు. గుంతలు ఎక్కువున్న ఫిల్ము చూస్తున్నప్పుడు మాత్రం ఆమె ఊపిరి బిగపట్టేవారు. తనకే తెలియకుండా.

ఆమె మొండితనం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నా పెళ్లి అల్లూరు చర్చిలో జరిగింది. ఏసీలు పెట్టించామని మా నాన్న గొప్పగా చెప్పుకుంటున్నాడు. మేడమ్ వచ్చి, ఏసీ వేసి ఉండగానే ఒక్కొక్క కిటికీ తెరుచుకుంటూ పోయారు. పాస్టర్ గారు ప్రసంగం ఆపి, "అమ్మా, చల్లగాలి బయటికి పోతుంది" అన్నారు. "పోవాల్సింది పోతుంది లేండి అయ్యగారూ, మీరు కానివ్వండి" అన్నారు మేడమ్. మా అత్తగారు ఆ మాట నేటికీ మరవలేదు. చర్చిలో రేడాన్ ఉందో లేదో అప్పటికింకా ఎవరూ కొలవలేదు. తర్వాత కొలిచాం, లేదు. ఆ సంగతి మా అత్తగారికి చెప్పినా లాభం లేకపోయింది.

ఇక నేను రాయక తప్పని సంగతి. ఇది చాలామందికి తెలియదు. మేడమ్ దాచలేదు, ఎవరూ అడగలేదంతే.

నేను ఇంకా డిగ్రీ చదువుకునే రోజుల్లో ఆమె వెంకటాచలం దగ్గరి ఒక పల్లెలో కొన్ని ఇళ్లకు డబ్బీలు ఇచ్చారు. అందులో ఒకటి సుబ్బరామయ్య, తులసమ్మ అనే రైతు దంపతుల ఇల్లు. గనిరాయితో ఎత్తు లేపిన ఇల్లు. నడిమి గదికి ఒకటే కిటికీ, దానికి అడ్డంగా బీరువా. భార్యాభర్తలు పడుకునేది ఆ గదిలోనే. కొలిచి చూడాల్సిన ఇల్లేదైనా ఉంటే అదేనని మేడమ్ అనుకున్నారు. డబ్బీ తులసమ్మ చేతికిచ్చి, ఎక్కడ కట్టాలో చూపించి వచ్చారు. మూడు నెలల తర్వాత పోతే తులసమ్మ దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, వసారాలోనే తెచ్చిచ్చింది. డబ్బీకి పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టి ఉంది. మేడమ్‌కు ముచ్చటేసింది. ప్రయోగశాలలో అందరికీ చూపించి నవ్వారట. ఫిల్ములో గుంతలు దాదాపు లేవు. ఆమె స్వయంగా ఆ ఇంటికి పోయి చెప్పారు: "భయం లేదు తులసమ్మా, హాయిగా పండుకోండి."

వాళ్లు హాయిగానే పడుకున్నారు. ఏళ్లు గడిచాయి. నేను చదువు ముగించి అదే కళాశాలలో చేరి, ఆమె వెంట పల్లెలు తిరగడం మొదలుపెట్టాను.

ఒకరోజు అల్లూరు వైపు ఒక పల్లెలో డబ్బీలు తీసుకురావడానికి పోయాం. రొయ్యల చెరువుల గట్టు మీద బండి ఆపి చూస్తే, ఎదురుగా ఉన్న ఇంటి గుమ్మానికి దిష్టి తీసే బూడిద గుమ్మడికాయ, దాని పక్కనే మా డబ్బీ వేలాడుతున్నాయి. రెండింటికీ పసుపు, కుంకుమ. నాకు నవ్వాగలేదు. మేడమ్ కూడా నవ్వారు. గుమ్మం బయట కొలిచేది ఊరి గాలినే గానీ ఇంటి గాలిని కాదు. మూడు నెలల పని వృథా అయిందని నేను గొణుగుతున్నాను. మేడమ్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. డబ్బీ మీది పసుపునే చూస్తూ నిలబడ్డారు. "రూతమ్మా, బండి తిప్పు" అన్నారు. ఎక్కడికన్నాను. "వెంకటాచలం" అన్నారు.

తులసమ్మ ఇంటికి చేరేసరికి ఆమె వసారాలో బియ్యం ఏరుకుంటోంది. లేచి, "రండి మేడమ్, ఎన్నాళ్లకెన్నాళ్లకు" అంటూ కుర్చీ వేసింది. మేడమ్ కూర్చోలేదు.

"తులసమ్మా, అప్పుడు నేను ఇచ్చిన డబ్బీ యాడ కట్టినారు?"

"గుమ్మానికే కట్టినాము మేడమ్. మీరు గదిలో కట్టమన్నారు గానీ, ఇంటికి మంచి చేసే వస్తువును ఆ చీకటి గదిలో ఎట్ట పెట్టేది? మా అత్త ఒప్పుకోలా. మూణ్ణెల్లూ దీపం కూడా పెట్టినాము."

మేడమ్ గుమ్మం దాటి లోపలికి నడిచారు. వెనకే నేను. నడిమి గదిలో మంచం మీద కోడలు చంటిబిడ్డకు పాలిస్తోంది. కిటికీకి అడ్డంగా అదే బీరువా. గోడకు సుబ్బరామయ్య ఫోటో, దానికి దండ.

"పోయినేడు పోయినాడు మేడమ్" అంది తులసమ్మ వెనకనుంచి. "దగ్గు దగ్గు అనుకుంటా ఉంటిమి. మద్రాసుకు తీసకపోతే ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు."

మేడమ్ ఆ క్షణమే, ఆ ఫోటో ముందే నిలబడి అంతా చెప్పారు. డబ్బీ గుమ్మానికి కడితే లెక్క తప్పుతుందని, ఆ తప్పు లెక్క నమ్మి తాను భయం లేదన్నానని, ఆ మాట అనే హక్కు తనకు లేదని. ఒక్క ముక్క కూడా మెత్తగా చేసి చెప్పలేదు. సుబ్బరామయ్యకు వయసులో ఉండగా బీడీ అలవాటు ఉండేదని ఆమెకు తెలుసు. దాన్ని అడ్డం పెట్టుకోలేదు. కోడలు బిడ్డను గుండెకు అదుముకుని లేచి నిలబడింది. తులసమ్మ ఫోటో వైపు చూసింది, మేడమ్ వైపు చూసింది. చివరికి, "తెలియక జరిగింది మేడమ్. మీరేం చేస్తారు. కూర్చోండి, కాఫీ తాగి పోదురు" అంది.

బిడ్డ మంచం ఆ రోజే ముందు గదిలోకి వచ్చింది. బీరువా జరిగింది, కిటికీ తెరుచుకుంది. ఈసారి డబ్బీ మేడమే తన చేత్తో గది మధ్యలో కట్టారు. మూడు నెలలకు తీసి చూస్తే, కిటికీ తెరిచి ఉంచినా, మైక్రోస్కోపు కింద గుంతల మీద గుంతలు. నేను లెక్కపెడుతుంటే ఆమె తల పక్కకు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంటి నేలలోని నెర్రెలన్నీ సిమెంటుతో పూడ్పించారు. నేల కిందనుంచి ఒక పీవీసీ గొట్టాన్ని మిద్దె మీదికి తీసి, పైన చిన్న ఫ్యాను బిగించారు. కింది గాలి గదిలోకి రాకుండా అటు నుంచి అటే ఆకాశంలోకి పోతుంది. "ఇంటికి ముక్కు పెట్టినాము" అని ఊళ్లోవాళ్లకు చెప్పేవారు. మళ్లీ కొలిస్తే గాలి శుభ్రం. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది.

ఆ ఇల్లు బాగుపడింది గానీ మేడమ్ బాగుపడలేదు. అప్పటినుంచి ఆమె పని పద్ధతే మారిపోయింది. ప్రతి ఇంటికీ రెండు డబ్బీలు తీసుకుపోయేవారు. ఒకటి ఖాళీది. "ఇది గుమ్మానికి. పసుపు పూసుకోండి, దీపం పెట్టుకోండి, మీ ఇష్టం. గదిలోదాన్ని మాత్రం తాకొద్దు" అనేవారు. ఖాళీ డబ్బీలు దండగ అని కొత్తగా వచ్చిన అధ్యాపకుడొకరు నవ్వితే, ఆయన్ను ఆ సంవత్సరమంతా పల్లెలకు రానివ్వలేదు. ఇచ్చిన డబ్బీ కట్టినచోటే ఉందో లేదో చూడటానికి మధ్యలో చెప్పాపెట్టకుండా పోయేవారు. రిటైరయ్యాక కూడా అంతే. మాతో ఏ ఫలితం గురించి మాట్లాడినా మొదట ఆమె అడిగేది, "ఎక్కడ కట్టినారు?" అనే.

నెలకోసారైనా తులసమ్మ ఇంటికి పోయేవారు. ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలనేది సాకు. నేను చాలాసార్లు వెంట వెళ్లాను. తులసమ్మ పీట వేసి, మురుకులు పెట్టి, వెళ్లేటప్పుడు కోడలితో బొట్టు పెట్టించి, "మీరు మా బిడ్డను కాపాడిన తల్లి" అని దండం పెట్టేది. ఆ మాట వినలేక మేడమ్ పైకి చూసేవారు. సుబ్బరామయ్య ఎప్పుడు లేచేవాడు, పొలంలో ఏ వడ్లు వేసేవాడు, దగ్గు ఎప్పుడు మొదలైంది, ఏమని చికాకుపడేవాడు, ఇవన్నీ మళ్లీ మళ్లీ అడిగేవారు. తులసమ్మ చెప్పేది.

"ఆ గ్యాసు వల్లనే పోయినాడని మీరెట్లా అంటారు మేడమ్?" అని ఒకసారి నేనే అడిగాను, తిరిగొచ్చే దారిలో. ఊరుకోబెట్టాలని.

"అనలేను. కాదని కూడా అనలేను" అన్నారు. "మన శాస్త్రం వేయిమంది గురించి చెబుతుందమ్మా. ఒక్కడి గురించి చెప్పదు. నాకు ఆ ఒక్కడే కావాలి." మళ్లీ తనే, "దెయ్యాలు లేవని జీవితమంతా పాఠం చెప్పినాను గదా. ఆ గదిలోకి పోతే నాకు ఆయన దగ్గు వినపడుతుంది" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "ఒక్కసారి ఆ తల్లి నన్ను తిడితే బాగుణ్ణు. నోరారా తిడితే బాగుణ్ణు. కాఫీ ఇస్తుందే!"

ఆ కోరికతోనే ఆమె ఇన్నేళ్లూ ఆ గుమ్మం తొక్కారని నాకు తెలుసు. ప్రతిసారీ కాఫీ తాగి వచ్చారు.

మేడమ్‌ను ముందుగదిలో ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. శిష్యులు వచ్చారు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు దండలు తెచ్చారు. ఎండ తగ్గే వేళకు తులసమ్మ వచ్చింది. కోడలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, పెట్టె తల దగ్గర కూలబడింది. అద్దం మీద రెండు చేతులూ వేసి శోకాలు మొదలుపెట్టింది.

"ఓ నా మేడమ్మా, నా తల్లీ, ఒక్క మాట అడగలేకపోతివా తల్లీ! డబ్బీ యాడ కట్టినావే తులసమ్మా అని ఒక్క మాట అడిగుంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా తల్లీ! సదువుకున్నదానివి గదమ్మా, నాకు తెలీదు, నీకు తెలీదా! నీ మాట నమ్మి నా మొగుడ్ని ఆ గదిలోనే పండబెట్టుకుంటినే! హాయిగా పండుకోమంటివే! నీ నోట్లో మన్ను పొయ్య, హాయిగా పండుకోమంటివే నా తల్లీ!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మన వైపు శోకాల్లో పోయినవాళ్లను నిలదీయడం, తిట్టడం మామూలే. నన్నెందుకు వదిలిపోయావని అందరూ తిడతారు. అందరూ దాన్ని అట్లాగే విన్నారు. అది శోకం కాదని, ఏళ్ల తరబడి గొంతులో నిలిచిన నిజమైన కోపమని ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. పెట్టెలో ఉన్న ఆమెకు తెలిసి ఉండాల్సింది. ఆమె ముఖం వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. జీవితంలో నేను అంత నిస్సహాయంగా ఎప్పుడూ ఏడవలేదు.

తులసమ్మను లేపి పెరట్లోకి తీసుకుపోయి మంచినీళ్లిచ్చాను. ఆగలేక అడిగేశాను. "అక్కా, ఈ మాట ఆమె బతికుండగా అనుంటే ఎంత బాగుండేదో నీకు తెలుసా? ఆమె దానికోసమే మీ ఇంటికి వచ్చేది."

"తెలుసమ్మా" అంది తులసమ్మ. నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆమె కండ్లల్లో కనపడతానే ఉండె. ఎన్నోతూర్లు నోటిదాకా వచ్చింది, మింగేసినాను. అనేస్తే ఆమె మనసు తేలికైపోతాది. ఇంక రాదు. నా కొడుక్కి తీరికుండదు, కోడలు పరాయిబిడ్డ. మా ఆయన్ను గురించి కూర్చోని అడిగేది ఆమె ఒకతే గదమ్మా."

కామాక్షి మేడమ్ మొదలుపెట్టిన పని ఆగదు. డబ్బీలు కట్టడం, గుంతలు లెక్కపెట్టడం, నేల కింది గాలికి దారి చూపడం ఆమె మా అందరికీ నేర్పే పోయారు. ఆ విద్యకు, ఆ సత్యనిష్ఠకు శిష్యులందరి తరఫున శిరసు వంచి నమస్కరిస్తున్నాను. వచ్చే నెల ఫ్యాను చూడటానికి వెంకటాచలం నేనే పోతాను. తులసమ్మ నాక్కూడా కాఫీ ఇస్తుంది. సుబ్బరామయ్య గారిని నేను ఎన్నడూ చూడలేదు, ఆయన గురించి ఏమడగాలో నాకు తెలియదు.